అద్దె తగ్గుతుందనైతే బోటు కొనకండి

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హెచ్‌-1బి మీద ఉన్నాను. భార్య, ఏడేళ్ల పాప. ఇంటి అద్దె ఏటేటా పెరిగిపోతోంది. అలమీడాలో 1984లో కట్టిన 38 అడుగుల సెయిల్‌బోటు ఒకటి అమ్మకానికి వచ్చింది. 40 వేల డాలర్లు చెబుతున్నారు. వారాంతాల్లో క్లబ్బుకి వెళ్లి సెయిలింగ్ నేర్చుకుంటున్నాను. ఆ బోటు కొని, బోట్లు కట్టేసే రేవు, అంటే మరీనాలోనే కాపురం పెట్టి, మూడేళ్ల తర్వాత మెక్సికో దాకా వెళ్లాలని నా కోరిక. మా ఆవిడ మూడే మూడు ప్రశ్నలు వేసింది: టాయిలెట్ సంగతేంటి, పోపు ఎక్కడ పెట్టాలి, పాప నీళ్లలో పడితే ఎలా? నేను నీళ్లు నమిలాను. మీరేమంటారు?

జవాబు: మీ ఆవిడ ప్రశ్నలు మూడూ సరైనవే, ఒక్కోదానికీ జవాబు చెబుతాను. దానికంటే ముందు మీరిద్దరూ అడగనిది ఒకటుంది. అసలు అక్కడ ఉండనిస్తారా?

శాన్ ఫ్రాన్సిస్కో బే మీద బీసీడీసీ అనే రాష్ట్ర ప్రభుత్వ కమిషన్‌కు అధికారం ఉంది. దాని విధానం ప్రకారం ఒక మరీనాలో ఉన్న బెర్తుల్లో (బోటు కట్టేసే జాగాల్లో) మామూలుగా 10 శాతానికి మించి కాపురాలకు ఇవ్వకూడదు. 300 బోట్లు పట్టే మరీనా అయితే 30 కుటుంబాలన్నమాట. చాలాచోట్ల ఆ కోటా నిండిపోయి వెయిటింగ్ లిస్టు నడుస్తుంటుంది. బోటు కొన్నంత మాత్రాన ఆ అనుమతి మీ పేరుకి మారదు. కొన్నిచోట్ల స్లిప్ (ఆ బెర్తే) కూడా మారదు. "ఏం ఫర్వాలేదు, ఇక్కడ అందరూ ఉంటున్నారు" అని అమ్మేవాళ్లు అంటారు. దొంగచాటుగా ఉండేవాళ్లు ఉన్న మాట నిజమే. కానీ బడికెళ్లే పిల్లను పెట్టుకుని, రాత్రి లైటు వేస్తే ఆఫీసువాళ్లు చూస్తారేమో అనుకుంటూ బతకడం వేరే టెన్షన్. పోనీ ఊరికే లంగరేసుకుని ఉందామంటే, సాసలీటో పక్కన రిచర్డ్‌సన్ బేలో నిబంధన 72 గంటలే. అక్కడ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లనే ఖాళీ చేయిస్తున్నారు.

కాబట్టి ముందు మరీనా ఆఫీసుకి వెళ్లి లివ్-అబోర్డ్, అంటే బోటులో కాపురం ఉండే అనుమతి గురించి అడగండి, వాళ్లు చెప్పింది రాతలో తీసుకోండి. బోటు బేరం ఆ తర్వాతి మాట.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. కోస్ట్ గార్డ్ దగ్గర బోటుని డాక్యుమెంట్ చేయించుకునే (ఫెడరల్ జాబితాలో నమోదు చేయించుకునే) హక్కు అమెరికా పౌరులకే ఉంది, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కూడా లేదు. మీరు రాష్ట్ర వాహనాల శాఖ డీఎంవీలో రిజిస్టర్ చేయించుకోవాలి. అమ్మే మనిషి బోటు డాక్యుమెంటెడ్ అయితే ముందు దాన్ని ఆ జాబితాలోంచి తీయించి, అప్పులేమీ లేవని చూపించమనండి. ఇల్లు మారిన 10 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌వాళ్లకు అడ్రసు మార్పు చెప్పే ఏఆర్-11 ఫారం దాఖలు చేయాలి. ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు ఉంటే కంపెనీ లాయర్‌కి ముందే చెప్పండి, ఎందుకంటే మీ బోటే మీ ఆఫీసు అడ్రసు అవుతుంది. పాప బడికి అడ్రస్ ప్రూఫ్ కింద స్లిప్ అగ్రిమెంటు ఒప్పుకుంటారో లేదో స్కూల్ డిస్ట్రిక్ట్‌లో కనుక్కోండి. ఇంజిన్‌తో బోటు నడపాలంటే 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో అన్ని వయసులవాళ్లకూ బోటర్ కార్డు ఉండాలి. అది ఒకసారి తీసుకుంటే చాలు.

ఇక డబ్బు. ఉత్తరం చదివితే అద్దె మిగులుతుందన్న లెక్కే ముందు కనిపిస్తోంది. మిగలదు. స్లిప్‌కి అడుగుల లెక్కన అద్దె, కాపురం ఉన్నందుకు పైన మరికొంత, కరెంటు, ఇన్సూరెన్స్, కౌంటీకి బోటు విలువలో ఏడాదికి సుమారు 1 శాతం పన్ను, అడుగున పట్టిన నాచు గీకే డైవర్‌కి డబ్బు, రెండు మూడేళ్లకోసారి ఒడ్డుకెక్కించి అడుగు పెయింటు. ఇవన్నీ కలిపినా మీ అద్దెకన్నా తక్కువే రావచ్చు. అక్కడే అందరూ మోసపోతారు. అసలు ఖర్చు ఈ జాబితాలో లేదు, అది బోటులోనే ఉంది. కొన్న ధరలో ఏడాదికి పదో వంతు మరమ్మతులకు పోతుందని ఒక వాడుక లెక్క ఉంది. నలభై ఏళ్ల బోటుకి ఆ లెక్క పనికిరాదు. మీరు చవగ్గా కొన్నారన్న సంగతి ఇంజిన్‌కి తెలియదు. 40 వేల బోటులో ఇంజిన్ మార్చినా, 2 లక్షల బోటులో మార్చినా బిల్లు ఒక్కటే. తెరచాపలు, తాళ్లు బిగించే వించ్‌లు, తాళ్లు, అన్నీ అంతే. బోటు ధరలో సగం, అంటే 20 వేల డాలర్లు, మొదటి ఏడాది మరమ్మతులకని విడిగా బ్యాంకులో లేకపోతే ఈ బేరం జోలికి వెళ్లొద్దు.

ఇన్సూరెన్స్ కంపెనీకి బేరం కుదరక ముందే ఫోన్ చేయండి. ఈ వయసు బోట్లకు చాలా కంపెనీలు పాలసీ ఇవ్వవు. ఇచ్చేవాళ్లు సర్వే రిపోర్టు (బోటుని నిపుణుడు పరీక్షించి రాసిచ్చేది) అడుగుతారు, దాంతోపాటు మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే స్టీలు తీగలు ఎప్పుడు మార్చారని అడుగుతారు. ఆ తీగల ఆయుష్షు మామూలుగా 10 నుంచి 15 ఏళ్లు. రసీదు చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి. ఇన్సూరెన్స్ లేని బోటుని చాలా మరీనాలు రానివ్వవు.

సర్వేయర్‌ని మీరే వెతుక్కోండి, బ్రోకర్ చెప్పిన మనిషి వద్దు. బోటుని నీళ్లలోంచి పైకి తీసి చూడాలి. మీరూ ఆ రోజంతా ఆయన వెంటే ఉండండి, ఏడాది పుస్తకాలు చదివితే రానిది ఆ ఒక్కరోజులో వస్తుంది. ఆయన చిన్న సుత్తితో బోటు పైతలం, అంటే డెక్ మీద అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోతాడు. బాగున్నచోట గట్టిగా టక్ టక్‌మని పలుకుతుంది. లోపల చెక్క నీరు తాగినచోట డబ్‌మని మూగగా వస్తుంది. ఆ కాలపు బోట్లలో చాలావాటికి రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది. స్టాంచన్ల (అంచున రెయిలింగు కడ్డీల) కింద, మాస్ట్ చుట్టూ బోల్టులు దిగినచోట సీలెంట్ పోతే వాన నీరు లోపలికి దిగి ఆ చెక్కని కుళ్లబెడుతుంది. ఆ మూగ శబ్దం అరచేయంత మేర ఉంటే బేరమాడొచ్చు. డెక్ సగం మేర వినిపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. మాస్ట్ తీగల్ని బోటుకి బిగించి ఉంచే చైన్‌ప్లేట్లని కూడా అడిగి చూపించుకోండి. అవి డెక్‌లోంచి కిందికి దిగేచోట, బయటికి కనపడని ఆ రెండంగుళాల్లోనే స్టెయిన్‌లెస్ స్టీలు తినేస్తుంది.

ఇంజిన్‌కి వేరే మెకానిక్‌ని పిలవండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి, వెళ్లగానే చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే, చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్ట్ అవుతుందో మీకు తెలియనివ్వకూడదని ఎవరో అనుకున్నారన్నమాట.

ఇవన్నీ దాటి బోటు మీ చేతికొచ్చిందనుకుందాం. మొదటి రాత్రి పడుకునే ముందు సీకాక్‌లు (బోటు అడుగున నీళ్లు ఆపే వాల్వులు) అన్నీ ఎక్కడున్నాయో చూసుకోండి. సింకు, టాయిలెట్, ఇంజిన్ కూలింగ్, ఇలా ఒక్కో పనికి బోటు అడుగున ఒక్కో రంధ్రం ఉంటుంది. దానికో వాల్వు, వాల్వుకో రబ్బరు గొట్టం. నీటిమట్టానికి రెండడుగుల కింద ఒకటిన్నర అంగుళం గొట్టం ఊడితే నిమిషానికి వంద లీటర్లకు మించి నీళ్లు లోపలికొస్తాయి. అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు డబ్బా మీద ఎంత రాసున్నా, సన్నటి గొట్టంలో పైకి తోడేటప్పుడు అందులో సగం తోడితే గొప్ప. అందుకని ప్రతి వాల్వునీ నెలకోసారి తిప్పాలి, లేకపోతే పట్టేసి అవసరమైన రోజున కదలదు. ప్రతి గొట్టానికీ రెండేసి క్లాంపులు, ప్రతి వాల్వుకీ ఒక చెక్క బిరడా తాడుతో కట్టి ఉండాలి. ఈ సంగతి మీకొక్కరికే తెలిస్తే చాలదు. మీ ఆవిడ కూడా చీకట్లో తడుముకుంటూ వెళ్లి వాల్వు మూయగలగాలి.

కరెంటు గురించి రెండు మాటలు. డాక్ (బోటు పక్కనుండే నడకదారి) నుంచి మీకొచ్చేది 30 ఆంపియర్లు, 120 వోల్టులు, అంటే 3,600 వాట్లు. ఒక హీటరు 1,500, కెటిల్ 1,500, రైస్ కుక్కర్ 700. మూడూ ఒక్కసారి పెడితే బ్రేకరు పడుతుంది. బ్రేకరు పడితే మంచిదే, భయపడాల్సింది పడకపోతే. గట్టి లోడు గంటల తరబడి లాగితే, ఉప్పుగాలికి తుప్పు పట్టిన ప్లగ్గు పిన్ను దగ్గర వేడెక్కి కాలుతుంది. చలికాలంలో మరీనాల్లో బోట్లు అంటుకోవడానికి ఇదొక పెద్ద కారణం. వారానికోసారి ప్లగ్గు ఊడదీసి పిన్నులు చూడండి. ఒక్కదాని చుట్టూ గోధుమరంగు మరక కనిపించినా కేబుల్, బోటు వైపు సాకెట్ రెండూ మార్చాల్సిందే, గీకి మళ్లీ పెట్టొద్దు.

లంగరేసినప్పుడు లెక్క వేరు, అప్పుడు అంతా బ్యాటరీల మీదే. ఫ్రిజ్ ఒక్కటే రోజుకి 40 నుంచి 60 ఆంపియర్-అవర్లు తింటుంది. పాత రకం లెడ్-యాసిడ్ బ్యాటరీల్లో 200 ఆంపియర్-అవర్లు ఉంటే వాడుకోదగ్గవి 100 మాత్రమే. సగం కన్నా కిందికి దింపితే అవి త్వరగా చచ్చిపోతాయి. మిక్సీ గురించి చాలామంది అడుగుతారు, 750 వాట్ల మిక్సీ ఇన్వర్టర్ మీద 70 ఆంపియర్లు లాగుతుంది. చూస్తే భయం వేస్తుంది కానీ పచ్చడికి రెండు నిమిషాలు చాలు, ఖర్చు రెండు ఆంపియర్-అవర్లు పైచిల్లర. రైస్ కుక్కర్ అలా కాదు, పాతిక దాటిస్తుంది. అన్నం గ్యాస్ మీదే వండుకోండి.

ఇప్పుడు మీ ఆవిడ మొదటి ప్రశ్న. టాయిలెట్‌లో ఫ్లష్ ఉండదు, చేత్తో కొట్టే పంపు ఉంటుంది. ఒడ్డు నుంచి 3 నాటికల్ మైళ్ల లోపల శుద్ధి చేయని మురుగు వదలడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. మరీనాలో మీది చుక్క కూడా బయటికి పోకూడదు. అంతా బోటులోని హోల్డింగ్ ట్యాంకులోకి వెళ్తుంది. 25 గ్యాలన్ల ట్యాంకు ముగ్గురికి వారం వచ్చినా గొప్పే. నిండేలోపు మురుగు తోడేసే పంప్-అవుట్ స్టేషన్‌కి బోటుని తీసుకెళ్లాలి, లేదా డబ్బిచ్చి పిలిపించుకోవాలి. లివ్-అబోర్డ్‌లు చాలామంది పొద్దున్నే ఒడ్డు మీది బాత్రూములకే నడిచి వెళ్తారు. అలమీడా బోటు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ బాత్రూములు ఎంత శుభ్రంగా ఉన్నాయో, మీ స్లిప్ నుంచి ఎంత దూరమో కూడా చూసి రండి. వానలో, అర్ధరాత్రి, పాపను ఎత్తుకుని నడవాల్సిన దూరం అది.

బోటులో వాసన వస్తే ట్యాంకునే తిడతారు. ఎక్కువసార్లు తప్పు గొట్టానిది. పాత రబ్బరు గొట్టం వాసనని పీల్చుకుని బయటికి వదులుతుంది. ఒక గుడ్డని వేడినీళ్లలో ముంచి పిండి, గొట్టం చుట్టూ కాసేపు చుట్టి ఉంచండి. చల్లారాక తీసి గుడ్డని వాసన చూడండి. గుడ్డకి వాసన అంటితే ఆ గొట్టం మార్చాలి. కొనేముందే చేయదగ్గ పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు.

పోపు. మీరు కాఫీ, బ్రెడ్డుతో సరిపెట్టుకునే మనుషులైతే ఈ పేరా అవసరం లేకపోయేది. బోటులో వంటిల్లు, హాలు, పడకగది అన్నీ ఒకే గాలి. నూనె కాగి ఆవాలు చిటపటలాడాక ఆ ఆవిరి పోయే దారి పైన ఉన్న చిన్న హ్యాచ్ (కప్పులోని కిటికీ) ఒక్కటే. అది మూసుంటే ఇంగువ, ఎండుమిర్చి ఘాటు సీలింగు మీది వినైల్‌కి, దుప్పట్లకి పట్టేస్తుంది. ఆఫీసులో మీ పక్కన కూర్చునేవాళ్లు మీరు ఏం తిన్నారో చెప్పేస్తారు. వేసవిలో హ్యాచ్ తెరిచి, చిన్న ఫ్యాను బయటికి తిప్పి పెడితే సరిపోతుంది. నవంబర్ నుంచి మార్చి దాకా వానలు, అప్పుడే ఇబ్బంది. ముగ్గురి ఊపిరి, అన్నం ఆవిరి, తడిబట్టలు, ఆ తేమంతా చల్లటి ఫైబర్‌గ్లాస్ గోడకి తగిలి నీళ్లై కారుతుంది. పరుపు కింద, బట్టల అరల వెనక నల్లగా బూజు పడుతుంది. కరెంటు డీహ్యూమిడిఫైయర్ ఒకటి, పరుపు కింద గాలి ఆడే చెక్క పలకలు, ఈ రెండూ మొదటి నెలలోనే కొనండి.

మనకి కలిసొచ్చేది ప్రెషర్ కుక్కర్. మూత బిగిసి ఉంటుంది కాబట్టి బోటు ఊగినా పప్పు ఒలికిపోదు, గ్యాసు, నీళ్లు, ఆవిరి మూడూ తక్కువ. ప్రపంచమంతా బోట్ల మీద తిరిగేవాళ్లు ఇష్టపడే గిన్నె అదే. బియ్యం, పప్పులు గాలి చొరని డబ్బాల్లోకి మార్చుకోండి, ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన అట్టపెట్టెలు డాక్ మీదే వదిలేయండి. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు ఉండొచ్చు, ఒకసారి బోటులో చేరితే వెళ్లగొట్టడం నరకం.

గ్యాసు దగ్గర మాత్రం పట్టింపుగా ఉండాలి. ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోకుండా బోటు అడుగు గుంటలోకి, అంటే బిల్జ్‌లోకి దిగి కూర్చుంటుంది. ఇంజిన్ స్టార్టర్ నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి. సిలిండరు డెక్ మీద, బయటికి రంధ్రం ఉన్న విడి అరలోనే ఉండాలి. వంటవగానే స్విచ్‌తో గ్యాసుని సిలిండరు దగ్గరే ఆపాలి. చలేస్తోందని స్టవ్ వెలిగించి వెచ్చబడటం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. అలారం పెట్టండి, పాప పడుకునే చోట ఇంకొకటి.

పాప సంగతికొస్తే, కదులుతున్న బోటులో 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకోవాలని కాలిఫోర్నియా చట్టం. నేనైతే చట్టంతో ఆగను. గుమ్మం దాటి డెక్ మీదికి వచ్చినా, డాక్ మీద నడిచినా జాకెట్ ఉండాల్సిందే. నడిసముద్రంలో అందరి కళ్లూ పిల్ల మీదే ఉంటాయి. కట్టేసిన బోటు దగ్గర, మీరు సరుకులు దించుకుంటున్నప్పుడే పడతారు. ఈత వచ్చు కదా అనుకోవద్దు. చలికాలంలో బే నీళ్లు 11, 12 డిగ్రీల సెల్సియస్ ఉంటాయి, పడగానే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది. పైగా డాక్ ఎత్తుగా, జారుడుగా ఉంటుంది, పెద్దవాళ్లే పైకి రాలేరు. నీళ్లలో ఉన్న మనిషి కిందినుంచి లాగితే దిగే నిచ్చెన బోటుకి ఉండాలి. వేసవిలో మీ ముగ్గురూ లైఫ్ జాకెట్లతో దిగి, ఆ నిచ్చెన పట్టుకుని ఎక్కి చూడండి.

రోజువారీ చాకిరీ పెద్ద విద్యేం కాదు, కానీ ఆగదు. ఇంజిన్‌లోకి నీళ్లు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, ఏడాదికోసారి, డీజిల్ ఫిల్టర్లు, ఆయిలు. బోటు అడుగున బిగించిన జింకు దిమ్మలు సగం అరిగాయని డైవర్ చెప్పగానే మార్చాలి, లేకపోతే వాటి బదులు ప్రొపెల్లర్ అరుగుతుంది. శనివారాలు వీటికే పోతాయి. చేతులకు గ్రీజు అంటడం మీకు సరదా అయితే ఇది సరదానే. మెకానిక్‌ని పిలిచి చేయిద్దామనుకుంటే మీ జీతం చాలదు. బోటు చెడటం ఎవరికైనా తప్పదు. 2017-18లో ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు తారిణి బోటులో ప్రపంచం చుట్టి వచ్చారు. వాళ్లలో హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖలో పెరిగిన పి. స్వాతి ఉన్నారు. నౌకాదళం వెనకున్నా, చివర్లో స్టీరింగ్ దెబ్బతిని మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగాల్సి వచ్చింది.

ఇంకొకటి, ఇండియా ప్రయాణం. డిసెంబర్‌లో నెల రోజులు ఊరెళ్తారు కదా, అది సరిగ్గా వానల కాలం. ఇంటికైతే తాళం వేసి వెళ్తాం. బోటుకి అన్ని సీకాక్‌లూ మూసి, గ్యాసు కట్టేసి, తాళ్లు రాపిడి పడేచోట గుడ్డ చుట్టి వెళ్లాలి. డాక్ మీద ఒక మనిషికి తాళంచెవి ఇచ్చి, వారానికి రెండుసార్లు బిల్జ్ చూడమని చెప్పాలి. డాక్ నుంచి వచ్చే కరెంటు పోతే ఛార్జర్ ఆగుతుంది, తర్వాత బ్యాటరీ, ఆ తర్వాత పంపు. మీ ఫోను ఇండియాలో మోగినా మీరు చేయగలిగిందేమీ లేదు. అందుకే మరీనా అంటే ముందు ఇరుగుపొరుగు.

మెక్సికో మూడేళ్ల తర్వాతి మాట. తుపానుల కాలం దృష్ట్యా బోట్లు శాన్ డియేగో నుంచి నవంబర్ మొదట్లో దిగుతాయి. నెలల తరబడి అక్కడ ఉండాలంటే ఉద్యోగం వదలాలి, హెచ్‌-1బి దాంతోనే పోతుంది. గ్రీన్ కార్డు ఎక్కడుందో చూసుకుని తేల్చుకోండి. దానికోసం బోటు ఇప్పుడే కొనక్కర్లేదు.

ప్రస్తుతానికి ఒక పని చేయండి. మీరు నేర్చుకుంటున్న క్లబ్బులో అద్దెకిచ్చే పెద్ద బోటు ఉంటే, జనవరిలో వాన పడే లాంగ్ వీకెండ్ చూసి తీసుకోండి. ఎక్కడికీ వెళ్లొద్దు, ఏదో ఒక గెస్ట్ డాక్‌లో కట్టేసుకుని ముగ్గురూ మూడు రాత్రులు ఉండండి. పప్పు, వేపుడు, చారు అన్నీ వండండి, అందులో సగం పూటలు మీరు వండండి. టాయిలెట్ ట్యాంకు మీరే ఖాళీ చేయించండి. సెలవు అయిపోయి బడి తెరిచే మంగళవారం పొద్దున పాపని అక్కణ్నుంచే బడికి తయారుచేసి చూడండి. అప్పటికీ మీ ఆవిడ సరే అంటే లివ్-అబోర్డ్ వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, డిపాజిట్ కట్టండి. అలమీడా బోటు ఈలోగా అమ్ముడుపోతే పోనివ్వండి. ఆ వయసు బోట్లు బే ఏరియాలో కొల్లలు.